కుడి నుంచి ఎడమకు

మొన్న పాత బట్టల దుకాణంలో జపాన్ పట్టు కిమోనో మడత విప్పగానే కర్పూరం వాసన కొట్టింది. నా కాళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి.

అప్పుడు నాకు ఏడేళ్లు, పరాయి దేశంలో, బిషాన్ అనే పేటలో ఉండేవాళ్లం. స్కూల్లో వేషాల రోజుకని ఎదురింటి జపాన్ ఆంటీ కర్పూరం వాసనేసే తన చిన్నప్పటి కిమోనో ఇచ్చింది. ఎర్ర పట్టు మీద తెల్ల కొంగలు. అమ్మ అలవాటుగా, పైట వేసినట్టే, కుడి అంచుని ఎడమ అంచు మీదుగా లాగి నడుముకు పట్టీ బిగించింది.

"అమ్మా, ఊపిరాడట్లేదు."

"కదలకు, పట్టు నలిగిపోద్ది."

అడుగు పడదు, కూర్చోలేను. లిఫ్ట్ దగ్గర ఆంటీ నన్ను చూసి పాలిపోయింది. "నో, నో!" అంటూ గబగబా నా పట్టీ విప్పబోయింది. ఇచ్చింది లాక్కుంటోందనుకుని ఏడ్చాను. అమ్మా అదే అనుకుంది. నాకు పట్టులంగా తొడిగి, కిమోనో తిరిగిచ్చేసి, మళ్లీ ఆ తలుపు తట్టలేదు.

దుకాణంలో అమ్మే అమ్మాయి మొన్న చెప్పింది, కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికేనట.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్‌లో కిమోనో ఫొటో చూపించాను.

"ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంది, గుర్తుందా?" అంది అమ్మ, ఇంకా ఉక్రోషంగా.

ఆ రోజు నాకు తన చేతులతో ఏం కట్టిందో అమ్మకు ఎలా చెప్పను?

"గుర్తుందమ్మా," అన్నాను.