అలకు రెండడుగుల దూరం

మొన్న మే నెలలో మా చెల్లెలు ఒక సినిమా తీసింది. కథ లేదు, మాటలు లేవు. ఎండ తాళలేక ఒక ముసలాయన తిరుపతి నుంచి సముద్రానికి పోతాడు, అంతే. ఆ ముసలాయన మా నాయన. కొండ మీద గుడి కొలువులో బతుకంతా గడిపి, సముద్రం చూడకుండానే ముసలివాడయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదురుతోంది. ఎక్కడికైనా తిప్పాలనుకుంటే ఇప్పుడే తిప్పండని డాక్టరు చెప్పాడు. చెల్లెలి సినిమాకు అసలు కారణం అదే.

సగం సినిమా ఎండే. నాయన భుజం మీది తడి తువ్వాలు ఆరిపోయేదాకా కెమెరా కదలదు. తర్వాత బస్సు, పులికాట్ సరస్సు దాటాక ఇసుక.

చివర ఆయన నీళ్లలోకి నడవాలి. తడి ఇసుక దగ్గర ఆగిపోయాడు. తోడు వెళ్లిన నేను ఏమైందని అడిగాను.

"ఈ పొద్దు అమావాస్యా గాదు, పున్నమీ గాదు. పర్వం లేని దినం సముద్రాన్ని తాకగూడదప్పా."

ఇలాంటి నమ్మకాలకు వ్యతిరేకంగా ఎన్ని సభల్లో మాట్లాడానో! జాలరులు రోజూ దిగుతున్నారే, వాళ్లకేమైందన్నాను. తిథి మనం రాసుకున్నది, నీళ్లకు తెలియదన్నాను. చేపలు ఆరబెడుతున్న ఒకామె కూడా రమ్మని పిలిచింది. నాయన ఆమెకు దండం పెట్టాడు, కదల్లేదు.

"నువ్వు చెప్పేది నిజమేలే. నువ్వు దిగు, నేనొద్దంటినా?"

చెప్పులు విడిచాను, కానీ దిగలేదు. ఆయన్ని ఒడ్డున నిలబెట్టి నేనొక్కణ్ణే దిగితే అది వాదన కాదు, వెక్కిరింత. అల వచ్చినప్పుడల్లా నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. పక్కన నేనూ వేశాను. చెల్లెలు కెమెరా ఆపలేదు.

జూన్‌లో సినిమా ఇంట్లోనే చూపించింది. నాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో చూశాడు. చివరి దృశ్యం మళ్లీ వేయమన్నాడు. మా నాలుగు కాళ్లూ పొడిగా, అల ముందు వెనక్కి జరుగుతున్నాయి.

"అంత దూరం పోయి రెండడుగులు..." అన్నాడు. నా వైపు తిరిగి, "అంతసేపు మాట్లాడితివే. చెయ్యి బట్టి లాగింటే వచ్చిందును గదరా," అన్నాడు.

నమ్మకాన్ని బలవంతంగా మాన్పించకూడదని, ఒప్పించాలని నలుగురికీ చెప్పేవాణ్ణి. ఒప్పించాను కూడా. ఆయన నిజమేనన్నాడు.

ఆ సాయంత్రం ఆయన దిండు కింది పంచాంగం తీసి, బతుకులో మొదటిసారి, అమావాస్య ఎప్పుడో వెతికాను. ఆరు రోజులుంది. నాయన అప్పటికే మంచం దిగలేకపోతున్నాడు.