బస్తాడు దిష్టి

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. డిప్లొమా అయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనుము కోసే గ్రైండరు, వెల్డింగ్ మిషను పెట్టుకున్నాను. "ఒక్కసారి నిప్పంటుకుందా, నీ సామాను వీధిలో ఉంటుందిరా" అని నాన్న ముందే చెప్పారు. అందుకని ఏడు జాగ్రత్తలు రాసి గోడకు అంటించాను: నూనె గుడ్డలు మూతున్న డబ్బాలో, పెట్రోలు బయట, ఇసుక బకెట్టు తలుపు పక్కన, ఇలా. మూలనున్న ఎండుమిరపకాయల బస్తా మాత్రం నా కంటికి ఆనలేదు. మా ఇళ్లలో అదీ గోడలాంటిదే.

ఒక మధ్యాహ్నం ఇనుప పైపు కోసి భోజనానికి కూర్చున్నాను. ముందు నాన్నకు దగ్గు మొదలైంది, తర్వాత అమ్మకు. పక్కింటి రమణత్త దగ్గుతూనే గోడ మీదుగా అరిచింది.

"ఎవరికి దిష్టి తీస్తున్నావు వదినా? గుప్పెడు చాలదా, బస్తా వేశావా ఏంటి?"

బస్తా అనగానే ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. మంట లేదు గానీ, రవ్వ పడిన చోట బస్తా లోలోపల రాజుకుంటోంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని దాన్ని బయటికి ఈడ్చి, నాలుగు బిందెల నీళ్లు గుమ్మరించాను. వీధంతా తుమ్ములే.

నాన్న కళ్లు తుడుచుకుంటూ గ్రైండరు వైపు నడిచారు. ఇక సామాను వీధిలోకేనని అనుకున్నాను.

"పోనీలే అన్నయ్యా, దిష్టుంటే ఘాటు రాదంటారుగా. పిల్లాడికి దిష్టే లేదు!" అంది రమణత్త.

"వీడి పనితనానికి దిష్టి కూడానా!" అని నాన్న దగ్గుతూనే నవ్వేశారు.

గ్రైండరు దక్కింది. ఇప్పుడు కోత ఆపాక, రవ్వ ఎక్కడ దాక్కుందోనని అరగంట అక్కడే కూర్చుంటున్నాను. రమణత్త మాత్రం జలుబు చేసి తుమ్మినా మా షెడ్డు వైపే చూస్తుంది.