నాన్న వేసిన అట్టబొమ్మ కోసం గోదావరిఖని దాకా

తొలి ముద్రణ నవలలు, అదీ పై జాకెట్‌తో సహా పోగేయడం నాకు పిచ్చి. పుస్తకమైతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది గానీ, దాని మీద బొమ్మతో వచ్చిన కాగితపు జాకెట్ చినిగో నలిగో ఎప్పుడో పోయి ఉంటుంది. మా నాన్న అలాంటి జాకెట్లకు బొమ్మలు వేసేవారు. వేసినవి పదకొండు, నా దగ్గరున్నవి పది. పదకొండోది నేను పుట్టిన ఏడు వేశారట. ఆయన పోయాక ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అందుకే ఆ నవల గోదావరిఖనిలో ఒక గని కార్మికుడి ఇంట్లో చూశానని పాత పుస్తకాల వ్యాపారి ఒకాయన చెప్పగానే నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

"జాకెట్ ఉందా అమ్మా?" అన్నాను.

"పుస్తకానికి జాకెట్ ఏంది బిడ్డా!" ఆ కార్మికుడి భార్య రాజవ్వ పడీపడీ నవ్వింది. "తెల్లకవరు ఉన్నది, వచ్చి సూస్కో."

ఆశ చావక బయలుదేరాను. సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కితే రామగుండానికి సుమారు నాలుగు గంటలు. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు ఉంటాయి; నేను ముప్పై రూపాయలిచ్చాను. షిఫ్టు వదిలే వేళ కాకపోతే సీటు సుఖంగా దొరుకుతుంది.

"ఎవ్వలింటికి అక్కా, సుట్టాలా?" అన్నాడు డ్రైవర్.

"కాదు, ఒక పుస్తకం కోసం."

"గింత దూరం పుస్తకానికా! ఒక్కదానివే వచ్చినవా?"

అవునన్నాను. ఎక్కడికెళ్లినా తప్పని ప్రశ్నే. అలవాటైపోయిందనుకుంటాను గానీ, అవలేదు.

రాజవ్వ భర్త పోయి మూడేళ్లు. ఆమె కూడా ఒక్కతే. నేను చేతులు కడుక్కునేలోగా పుస్తకం తెచ్చింది. బోడి తెల్లకాగితం, దాని నిండా నల్లని వేలిముద్రలు. ప్రాణం ఉసూరుమంది. ఏదో మర్యాదకి అట్ట తెరిస్తే, కాగితం మడత లోపల ఎర్రరంగు కనబడింది.

"మీ కాక డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు బస్సుల చదువుతుండె. ఎంత కడిగినా చేతుల బొగ్గు పోకపాయె. బొమ్మ ఖరాబైతదని కవరు తిప్పి ఏసెటోడు," అంది రాజవ్వ, భర్తను తలుచుకుంటూ. "అన్నిటికి గట్లనే ఏసిండు. తక్కినయి చెదలు తిన్నయ్, గిదొక్కటే మిగిలింది."

కవరు ఊడదీసి, బొమ్మ పైకి వచ్చేలా తిప్పి తొడిగి చూశాను. ఏటి ఒడ్డున ఎర్రచీర మనిషి, మూలన నాన్న సంతకం. రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఏడ్చేశాను. రాజవ్వ నా చేతికి చాయ్ అందించింది.

"మీ నాయిన ఏసిందా? ఫికర్ చెయ్యకు, తీస్కపో బిడ్డా."

అంటూనే కవరు అంచు ఎత్తి, ఇప్పుడు లోపలికి వెళ్లిపోయిన ఒక నల్లటి ముద్ర మీద తన బొటనవేలు ఆనించింది. "గిది మీ కాక చెయ్యి," అంది మెల్లగా.

ఒకే కాగితం; ఒకవైపు మా నాన్న, ఇంకోవైపు ఆమె భర్త. నేను ఫోన్‌లో బొమ్మ ఫొటో తీసుకున్నాను. తర్వాత కవరును మళ్లీ తెల్లవైపు పైకి వచ్చేలా తొడిగి, పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాను.

తిరుగు రైల్లో ఆ ఫొటో చూస్తూనే ఉన్నాను. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. తెచ్చుకోలేదన్న బాధ ఉంది, అబద్ధమెందుకు! కానీ నాన్న బొమ్మను అన్నేళ్లు అంత జాగ్రత్తగా కాపాడిన మనిషి ఒకరుండేవారని తెలిసింది. ఇలాంటి పుస్తకాల కోసం వెళ్లేవారికి ఒక్క మాట: తెల్లకవరు కనబడితే నిరాశపడకండి, తిప్పి చూడండి. చూశాక, దాని మీది ముద్ర ఎవరి చెయ్యో అడగండి.