సోమవారం తప్పు చెప్పిన ఎలక్ట్రోడ్

ఆ రోజుల్లో ఏ తప్పు జరిగినా అది నా చేతిలోని వస్తువుదే అనుకునేవాణ్ని. మనుషులదని అనుకునేంత వయసు ఇంకా రాలేదు. 2005 ప్రాంతంలో ఏలూరులోని మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నవాళ్ళూ, ఉన్నవీ ఇవి: నేను, మా గైడు సారు, చర్చిలో సంఘపెద్ద కూడా అయిన అటెండరు పెద్దయ్యగారు, గ్రాఫులు గీసే పాత యంత్రం ఒకటి, నా ఎలక్ట్రోడ్. ఎలక్ట్రోడ్ అంటే మరీ ఘనంగా ఊహించుకోకండి. ఖాళీ సిరంజిలో గ్రాఫైటు పొడి, పారఫిన్ నూనె కలిపిన నల్లటి ముద్ద కూరి, వెనక రాగి తీగ గుచ్చి, ముందు వైపు నున్నగా మెరిసేదాకా కాగితం మీద రుద్దాలి. ఉత్త ముద్దకైతే మూత్రంలోని విటమిన్ సి, యూరిక్ ఆమ్లం కలిసిపోయి ఒకే గుట్టలా కనిపిస్తాయి. పైన ఒక రంగు పదార్థం పూత వేస్తే రెండూ విడిపోయి రెండు శిఖరాలు వస్తాయి. రెండోది యూరిక్ ఆమ్లానిది; అది ఎంత ఎత్తు వస్తుందన్నదే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు.

మూత్రం నమూనా సారుదే (ఇంకెవరూ ఇవ్వలేదు). ఆయనకు కీళ్ళ నొప్పులు. యూరిక్ ఆమ్లం పెరగకూడదని డాక్టరు రొయ్యలు మాన్పించారు. ఇంట్లో ఆయన భార్య, మా మేడంగారు, కాపలా కాసేవారు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి, కాగితంలో చుట్టిన సీసా నా బల్ల మీద పెట్టేవారు. గురువారం అంతా సవ్యం. సోమవారం శిఖరం దాదాపు రెట్టింపు.

"నేను పథ్యంలో ఉన్నానయ్యా. నీ ఎలక్ట్రోడే నిలకడగా లేదు. అది కుదురుకుంటేగాని సంతకం పెట్టను," అన్నారు సారు.

యూరిక్ ఆమ్లం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణంలో ముంచితే ఆ ఎలక్ట్రోడ్ సరిగ్గానే చెప్పేది. అయినా సారు మాట ముందు ద్రావణం మాటెంత? ఆదివారం సెలవులో పూత ఎండిపోతోందని తేల్చుకుని, ప్రతి సోమవారం పాతది పారేసి కొత్తది చేశాను. ఆ తర్వాత ఆదివారాలు కూడా వచ్చి తడిపాను (కాసేపు దాని పక్కన తోడు కూర్చున్నాను కూడా).

రికార్డు ఇవ్వాల్సిన వారంలో ఇంకో సిరంజి కావాలని అడిగితే, పెద్దయ్యగారు బీరువా తాళం తీస్తూ ఆగారు.

"అది ఎండిపోవడం కాదేమోనండి బాబూ. ఆదివారం ప్రార్థనయ్యాక సారు బండి మీద మండవల్లిలో మా తమ్ముడి చెరువు కాడికెళ్తామండి. మధ్యాహ్నం రొయ్యల వేపుడండి."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదు కదండి," అన్నారు.

మర్నాడు పట్టికలో 'ముందురోజు భోజనం' అని కొత్త గడి చేర్చి, నింపి, సారు ముందు పెట్టాను (ధైర్యమేమీ లేదు, తెలిసిన సంగతి పట్టికలో లేకపోతే నాకు తోచదు). ఆయన చూసి కలం తీశారు.

"ఎలక్ట్రోడ్ బాగానే ఉందయ్యా. ఆ గడి మాత్రం కొట్టెయ్. మీ మేడంగారు కూడా కెమిస్ట్రీయే చదివారు."

కొట్టేశాను. ఆయన సంతకం పెట్టారు.

మొన్న తణుకులో రక్తపరీక్ష చేయిస్తే నాకూ యూరిక్ ఆమ్లం ఎక్కువే వచ్చింది. ముందు వాళ్ళ యంత్రాన్నే అనుమానించాను. బయటికొచ్చాక, ఆదివారాలు సిరంజికి తోడు కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడు చేసిన ఎలక్ట్రోడ్లు మొత్తం పద్నాలుగు. తప్పు చెప్పినవి సున్నా.