గొర్రెలు చూసిన వైపు

నాయన పోయినప్పుడు నేను ఏడవలేదు. ఈ సంగతి మా ఊరికే కాదు, గుంతకల్లులో నేను పనిచేసే రైల్వే ఆఫీసులో కూడా అందరికీ తెలిసిపోయింది. దినాలైన మర్నాడే డ్యూటీలో చేరాను. పక్క సీటావిడ నా చెయ్యి పట్టుకుని, "ఒకసారి ఏడ్చేస్తే తేలికపడతారు మేడమ్" అంది. సరేనన్నాను. పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ మనది కాకుండా పోతుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉండేది. అన్నం తింటున్నానని తెలిసేది, రుచి తెలిసేది కాదు.

నాకు కావలసింది ఒక్కటే, ఆయన గొంతు మళ్లీ వినడం. అది ఎక్కడా లేదు. ఫోనులో నాయన ఈ కొండ మీది నుంచి ఆ కొండకు అరిచినట్టు రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. వాటిని దాచుకోవాలని నాకెప్పుడూ తోచలేదు, ఎవరికి తోస్తుంది కనక. ఫోటో అంటే ఆధార్ కార్డు మీద ఉన్నదే, అందులో కోడిని దొంగిలించి దొరికినవాడిలా ఉంటాడు. ఆయన గొంతు ఉండగలిగిన చోటు లోకంలో ఒక్కటే ఉంది. అది ఒక సినిమా. అప్పటికి ఇంకా విడుదల కాలేదు.

ఆ సినిమా గురించి చెప్పాలంటే నా చిన్నతనం నుంచి మొదలుపెట్టాలి. మాది తాడిపత్రి దగ్గర, యాడికి అనే ఊరి పక్కన పల్లె. నేను మూడో తరగతో నాలుగో చదివే రోజుల్లో ఆదివారం పొద్దున టీవీలో ఒక బొమ్మల కథ వచ్చేది. ఏదో మంచుకొండల దేశం. తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ ఒక పిల్లవాడు గొర్రెల మందతో కొండలు దాటుతుంటాడు. వారానికో కొండ, కొండకో కష్టం. ప్రతివారం చివర్లో వాడొక బండ మీదికెక్కి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసేవాడు. లోయలో చెదిరిపోయిన గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలెత్తి వాడి దగ్గరికి పరుగెత్తుకొచ్చేవి. మాటలన్నీ హిందీ. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గొర్రెలు మాత్రం బాగా అర్థమయ్యేవి, ఎందుకంటే మా ఇంట్లో ఉన్నవీ అవే.

మా వీధిలో టీవీ ఉన్న ఇల్లొకటే. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో గుమస్తాగా చేసే ఆయనది. పిల్లలం లోపల నేల మీద కూర్చునేవాళ్లం. నాయన మందను మేపుకు తోలుకుపోతూ, దాన్ని సందులోనే నిలబెట్టి, కిటికీ బయట కర్ర మీద గడ్డం ఆనించి చూసేవాడు. బొమ్మల గొర్రెలు లోపల కొండ దిగుతుంటే మా గొర్రెలు బయట గుమస్తా భార్య పెంచుకున్న కనకాంబరాలు మేసేవి. ఆమె తిట్లు మొదలుపెట్టే సమయానికి ఆ వారం కథ అయిపోయేది.

నాయనకు ఆ కథలో ప్రతిదీ తప్పే. "ఆ గొర్రెలు మేసేది ల్యా, నెమరేసేది ల్యా. ఎట్ల బతుకుతాండాయప్పా అవి?" అనేవాడు. "ఈలేస్తే గొర్రె రాదు. కుక్క వస్తాది" అనేవాడు. అయినా ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఒకరోజు సాయంత్రం మంద వెనక నడుస్తూ నాతో అన్నాడు. "గొర్రెకు కండ్లు పక్కలకుంటాయి మ్మేయ్. అది యాడ చూస్తాండాదో కండ్లు చూస్తే తెలీదు. మూతి చూడాల. మూతి యా పక్క ఉంటే మనసు ఆ పక్క. ఆ టీవీలో పిల్లోనివి మంచి గొర్రెలు. అన్ని మూతులూ వాని పక్కనే పెడతాయి."

"అవి గీసినవి నాయనా. ఎట్ల గీస్తే అట్ల చూస్తాయి" అన్నాను, చదువుకుంటున్నదాన్ని కదా.

"అట్లనా. అయితే నాకూ ఒక మంద గీసియ్యమను. నీళ్లు పెట్టే పనుండదు" అన్నాడు.

నాయన ఈల వేసేవాడు కాదు. ఆయనకొక పిలుపు ఉండేది. నాలుకను అంగిలికి తాటించి టకటకమనిపించి, చివర గొంతులోంచి ఒక సాగుడు. ప్రతి గొర్రెల కాపరికీ తనదంటూ ఒక పిలుపు ఉంటుంది, ఒకరిది ఇంకొకరి మందకు పనికిరాదు. నాయన పిలుపును అక్షరాల్లో రాద్దామని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

చాలా ఏళ్ల తర్వాత, హైదరాబాదులో ఎవరో ఆ బొమ్మల కథను మనుషులతో సినిమాగా తీస్తున్నారని విన్నాం. వింటూ ఉండగానే వాళ్లు మా ఊరికే వచ్చేశారు. మంచుకొండల కథకు మా నేల ఎందుకని నేనూ అడిగాను. మంచు లేకపోతే ఏం, ఎటు చూసినా ఏమీ లేకపోవడం ముఖ్యం అని దర్శకుడు అన్నాడట. ఏమీ లేకపోవడానికైతే మాకు లోటు లేదు. తల్లిని వెతికే పిల్లవాడు కాస్తా గడ్డమున్న హీరో అయ్యాడు. తల్లి బదులు అతను ఎవరిని వెతుక్కుంటున్నాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

గొర్రెల కోసం నాయన మందనే మాట్లాడుకున్నారు. చిక్కల్లా ఆ గొర్రెలతోనే వచ్చింది. బొమ్మల్లో అవి తెల్లగా, దూది మూటల్లా ఉండేవి. మావి ఎర్రవి, కొన్ని నల్లవి, చెవులు వేలాడుతుంటాయి. ఒకదానికి తెల్ల పొడి పూసి చూశారు. అది మందలోకి పోగానే మిగతావన్నీ దాన్ని చూసి చెల్లాచెదురై పారిపోయాయి. వాటిని పోగుచేయడానికి సగం పూట పట్టింది. "బూడిద పూస్తే సన్నాసి అనుకున్యాయేమో" అని నాయన కడుపు పట్టుకుని నవ్వాడట. ఆ తర్వాత గొర్రెల్ని వాటి రంగులోనే ఉండనిచ్చారు.

షూటింగుకు ముందురోజు నాయన తాడిపత్రికి పోయి తలకూ మీసాలకూ నల్లరంగు వేయించుకుని వచ్చాడు. అమ్మ ఎగాదిగా చూసి, "ఏమయ్యో, పెండ్లి నీకా?" అంది. సినిమాలో తాను పడతానని ఆయన నమ్మకం. మంద తనది, కొండ తనది, తాను పడకుండా ఎట్లా తీస్తారు అని.

ఆదివారం కావడంతో గుంతకల్లు నుంచి నేనూ వెళ్లాను. హీరో బండ మీద నిలబడి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. గొర్రెలు తలెత్తలేదు. మళ్లీ వేశాడు. ఒక పొట్టేలు ఆవులించినట్టు నోరు తెరిచి మూసింది. అసిస్టెంటు డైరెక్టరు నాయన దగ్గరికొచ్చి, "అన్నా, మీరు పిలవాలి. కానీ కెమెరాలో కాదు, కెమెరా పక్కన నిలబడి" అన్నాడు. నాయన ముఖం చిన్నబోయింది. రంగు వేసిన తల మీద తువ్వాలు చుట్టుకుని, కెమెరాకు ఎడమ పక్కన, నల్ల గొడుగు కింద, వాళ్లు చూపించిన చోట నిలబడ్డాడు.

నాయన పిలవగానే పల్లంలో మంద మొత్తం కదిలింది. హీరో కెమెరాకు వీపు పెట్టి, చేతులు చాచి నిలబడితే, గొర్రెలు దుమ్ము రేపుకుంటూ బండ ఎక్కి అతన్ని దాటుకుని వచ్చేశాయి. దర్శకుడికి చాలలేదు. ఎండ మారిందని ఒకసారి, దుమ్ము చాల్లేదని ఒకసారి, మళ్లీ మళ్లీ చేయించాడు. సౌండు మనిషి పొడుగాటి కర్ర చివర బొచ్చు మైకు ఒకటి నాయన నెత్తి మీదికి చాపి పట్టుకున్నాడు. "ఇదేమప్పా, గొర్రెపిల్లనా?" అని అడిగాడు నాయన. "మీ గొంతు రికార్డు చేస్తున్నాం పెద్దాయనా" అన్నాడతను.

ఆ మాటతో నాయన చిన్నబోయిన ముఖం మళ్లీ విప్పారింది. ఇంటికొచ్చేసరికి ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "మొగం రాకపోతే పోనీలే. ముసిలి మొగంలో ఏముండాది. గొంతు వస్తాది" అన్నాడు, ఆ మిగిలిన గొంతుతోనే. టీ అంగట్లో చెప్పాడు, యాడికి బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా అదే ప్రశ్న. "ఎప్పుడొస్తాదంట మ్మేయ్ సినిమా?" చివరిసారి మాట్లాడినప్పుడూ అదే అడిగాడు. తెలీదు నాయనా అన్నాను.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం మందను దొడ్లోకి తోలి, అరుగు మీద కూర్చుని నీళ్లడిగాడట. అమ్మ చెంబుతో వచ్చేలోపల పోయాడు.

అమ్మ ఒక్కతే మందను చూసుకోలేకపోయింది. బెళుగుప్ప దిక్కు నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మేశాం. ఆయన తన పిలుపుతో పిలిచి చూశాడు. మంద కదల్లేదు. అన్నీ మా ఇంటి తలుపు వైపు మూతులు పెట్టుకుని నిలబడ్డాయి. చివరికి ఒక్కొక్కదాన్నీ ఎత్తి లారీలోకి వేశారు. నేను డ్రైవరుకు టీ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. నాలో ఏదో పాడైందని మాత్రం అనుకున్నాను.

అమ్మను గుంతకల్లుకు నా దగ్గరికి తెచ్చుకున్నాను. పొద్దున లేచి ఖాళీ వరండాలో కాసేపు నిలబడేది, ఏం తోలాలో తెలియనట్టు. కొన్నాళ్లకు సినిమా వచ్చింది. రైల్వే స్టేషను దారిలో పోస్టరు చూసి ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ కొత్త చీర తీసి కట్టుకుంది. "పా, ఇనొద్దాం" అంది. చూసొద్దాం అనలేదు.

మధ్యాహ్నం ఆటకు జనం పెద్దగా లేరు. మధ్య వరసలో కూర్చున్నాం. హీరో నడుస్తున్నాడు, పాట వచ్చింది, కొట్లాట వచ్చింది. నాకు కథ బుర్రకెక్కలేదు. మా కొండ కనబడింది. హీరో బండ ఎక్కి రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

ఈల వచ్చింది, నున్నగా, గదిలో కూర్చుని వేసినట్టు. దాని మీద వయొలిన్లు. దాని మీద డప్పులు. గొర్రెల గిట్టల చప్పుడు కూడా ఇంకెక్కడిదో తెచ్చి అతికించారు. ముందు వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. నాయన గొంతు లేదు. ఒక్క ముక్క లేదు, ఆ మోతల కింద కూడా, వెనక కూడా. నేను చెవులు రిక్కించి వెతికాను. లేదు.

అలాగే జరుగుతుందని నాకు ముందే తెలుసేమో. కోపం కూడా రాలేదు. అమ్మకు ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచించాను.

అమ్మే నా మోచేతి మీద తట్టింది. "మూతులు చూడు" అంది.

చూశాను. గొర్రెలు పల్లంలోంచి పైకి వస్తున్నాయి. హీరో చేతులు చాచి తెర మధ్యలో ఉన్నాడు. ఒక్క గొర్రె కూడా అతని వైపు మూతి పెట్టలేదు. ఎర్రవీ నల్లవీ, పిల్లలూ పొట్టేళ్లూ, అన్నీ కొంచెం ఎడమకు తిరిగి, అతన్ని దాటి, తెర బయటికి చూస్తూ పరుగెత్తుకొస్తున్నాయి.

"వాని తావకు రాల్యా అవి. మీ నాయన ఆడ నిలబడినాడు" అంది అమ్మ. చీకట్లో ఆమె చెయ్యి హాల్లో ఎడమ గోడ వైపు చాచి ఉంది. ఆ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

అంతలోనే ఆ సీను అయిపోయింది. మిగతా సినిమా ఏమైందో నాకు గుర్తులేదు. లైట్లు వెలిగాక అమ్మ లేవలేదు. "మళ్లా ఏస్తారా?" అని అడిగింది. ఫస్ట్ షో ఉందన్నాను. "ఉందాం అయితే" అంది.

రెండోసారి ఎడమ గోడ పక్కన, ముందు వరసలో, చివరి కుర్చీల్లో కూర్చున్నాం. తెర మరీ దగ్గరై మెడ నొప్పి పుట్టింది. హీరో ఈల వేశాడు. వయొలిన్లు మోగాయి. గొర్రెలు తలలెత్తి, బండ ఎక్కి, అతన్ని దాటి, ఈసారి నేరుగా మా మీదికే వచ్చాయి. వాటి మూతులన్నీ మా వైపే ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. ముక్కు కారుతూ, గొంతు తెగుతూ, అంత పెద్ద మ్యూజిక్కులో కూడా వినబడేంత ఏడుపు. అమ్మ నా వైపు తిరగలేదు. కళ్లు చికిలించి తెరనే చూస్తోంది.

"ఆ నల్లది కుంటుతాండాది మ్మేయ్" అంది. "మీ నాయన చూసుకున్నట్టు ల్యా."