ఒక్క మూలకే పెట్టిన నీళ్లు

నిన్న సాయంత్రం తాయిఫ్‌లో మా గది కింది చాయ్ హోటల్ నుంచి ఒక్కసారిగా "గోఓఓఓల్!" అని కేక వినపడింది. టీవీలో అరబ్బీ వ్యాఖ్యాత ఊపిరి తీసుకోకుండా ఆ ఒక్క మాటనే సాగదీస్తున్నాడు. నేను పప్పుకు పోపు పెడుతున్నాను. గరిట చేతిలోనే ఉంది, కాళ్లు మాత్రం అప్పటికే మెట్ల మీద ఉన్నాయి. ఎవరు కొట్టారో, ఎవరి మీద కొట్టారో నాకు తెలియదు. అయినా గరిట పైకెత్తి నేనూ కేకేశాను. తిరిగి వచ్చేసరికి పోపు మాడి గదంతా పొగ. "నెత్తి నెరిసినంక గీ బంతాట పిచ్చేందన్నా నీకు?" అని నా గదిలో ఉండే నిర్మల్ ఊరాయన తిట్టాడు. కోపం తగ్గాక ఆయనకు సతోరు సంగతి చెప్పాను. ఆయన అన్నం తినడం మరిచిపోయి విన్నాడు. అప్పుడు అనిపించింది, ఇది రాసిపెట్టాల్సిన సంగతేనని.

సతోరు జపాన్ కుర్రాడు. గల్ఫ్ యుద్ధం అయిన కొన్నేళ్లకు దమ్మామ్‌లో ఒక క్లబ్బుకు ఫుట్‌బాల్ ఆడడానికి వచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్లు, బక్కపలచని మనిషి, గాలికి ఎగిరిపోతాడేమో అన్నట్టుండేవాడు. నేను ఆ క్లబ్బు మైదానంలో గడ్డికి నీళ్లు పెట్టే పనివాణ్ని. వయసులో అతనికంటే పదేళ్లు పెద్దవాణ్ని, ఇద్దరు పిల్లల తండ్రిని. అయినా నాకు బుద్ధి నేర్పినవాడు ఎవడయ్యా అంటే ఆ పిల్లవాడి పేరే చెబుతాను. సిగ్గెందుకు?

నా కథ కొంచెం చెప్పాలి. మాది ఆర్మూరు దగ్గర పల్లె. ప్లంబరు వీసా మీద వచ్చిన ఏడాదికే యుద్ధం వచ్చిపడింది. సైరన్ మోగితే కిటికీలకు టేపు అంటించి, ముఖానికి తడి తువ్వాలు చుట్టుకొని, పన్నెండు మందిమి ఒకే గదిలో నక్కేవాళ్లం. యుద్ధం ఆగాక కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ నెలల తరబడి వచ్చింది. తీగ మీద ఆరేసిన చొక్కా సాయంత్రానికి మసిబట్టేది. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర, ప్రాణం దేవుడి దగ్గర. ఆ రోజుల్లో పనివాళ్ల క్యాంపులో మాకు అబ్బిన చదువు ఒక్కటే. తల వంచుకో, పని చేసుకో, అడగంది చెప్పకు. "నోరు మూసుకున్నోడే క్షేమంగ ఇల్లు చేరుతడన్నా" అని మా జగిత్యాల మల్లేశ్ రోజుకు పదిసార్లు అనేవాడు. తర్వాత మేమిద్దరం ఆ క్లబ్బులో చేరాం. అతను ఆటగాళ్ల బట్టలు ఉతికేవాడు, నేను గడ్డి చూసేవాణ్ని. ఇద్దరం ఆ చదువును మరిచిపోలేదు.

సతోరు మొదటి రోజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బూట్లు విప్పి చేత పట్టుకొని మైదానం ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒట్టి కాళ్లతో నడిచాడు. "కాళ్లు కాల్తయ్ రా నాయనా!" అని నేను అరిచాను. నవ్వాడు. మోకాళ్ల మీద కూర్చొని గడ్డి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మా ఇద్దరికీ వచ్చింది నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నాలుగు అరబ్బీ ముక్కలు, మిగతాది చేతులే.

"గడ్డి పొడుగు. ఇందులో బంతి నిద్రపోతుంది" అన్నాడు.

"మరేం చెయ్యమంటవ్?"

"పొట్టిగా కొయ్యి. ఆటకు ముందు నీళ్లు పెట్టు. అప్పుడు బంతి పరుగెత్తుతుంది."

అంతకుముందు నాతో గడ్డి గురించి మాట్లాడిన మనిషి ఆ క్లబ్బులో ఒక్కడూ లేడు. ఆ రోజు నుంచి నాకు పని మీద ప్రేమ పుట్టింది, నిజం చెబుతున్నాను. గడ్డి కోసే యంత్రం కత్తిని కిందికి దించి రెండుసార్లు కోసేవాణ్ని. అతను రోజూ అందరికంటే ముందు వచ్చి "నీళ్లు, గంగన్నా, నీళ్లు!" అని కేకేసేవాడు. ఆ తెలుగు మాట మల్లేశ్ నేర్పాడు. వారం తిరిగేసరికి క్యాంపులో అందరికీ అతను సత్తి అయిపోయాడు. శుక్రవారం మా గదికి వచ్చి నేల మీద కూర్చొని పచ్చిపులుసు తాగి, కళ్ల నీళ్లు కారుతుంటే "మళ్లీ" అని గిన్నె చాపేవాడు.

అయితే గోల్ మాత్రం పడలేదు. ఆరు ఆటలు అయ్యాయి. ఎడమ పక్క నుంచి చిరుతలా దూసుకుపోయేవాడు. చివర్లో బంతి గడ్డికి తట్టుకునేది, లేదా అతని పాస్ అందుకునేవాడు ఉండేవాడు కాదు. పరదేశపు ఆటగాళ్లను క్లబ్బు కొద్దిమందినే పెట్టుకోవాలి, అందుకని ఒకరు వస్తే ఒకరు పోవాలి. క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, అబూ సాలెం అని ఒకాయన ఉండేవాడు. ఆయన సతోరును పిలిచి, సగం సీజను సెలవులు వచ్చేలోపు మా మైదానంలో రెండు ఆటలున్నాయని, వాటిలో ఏమీ చెయ్యకపోతే ఇంటికి పంపేస్తానని చెప్పాడు. ఆ సాయంత్రం సతోరు నా పైపు పక్కన కూర్చున్నాడు.

"మా ఊళ్లో పొట్టిగా ఉన్నానని నన్ను తీసేశారు. ఇక్కడి నుంచి కూడా పంపితే ఇంకెవరూ పిలవరు. ఆట అయిపోయినట్టే" అన్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నాకు అన్నం సహించలేదు.

మొదటి ఆట రోజు రానే వచ్చింది. ట్యాంకరు సగం నీళ్లతోనే వచ్చింది. ఆ నీళ్లు మైదానమంతటికీ చాలవు. కోచ్ "వదిలెయ్, ఈ రోజు నీళ్లు వద్దు" అన్నాడు. నేను వదిలేస్తేనా? ఎవరూ లేని సమయం చూసి, సతోరు దాడి చేసే ఎడమ మూల ఒక్కదానికే ట్యాంకరంతా పట్టించాను. మా నాన్న మడికి నీళ్లు పెట్టినంత శ్రద్ధగా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆట మొదలైంది. అబ్బబ్బ, ఏం పరుగు! ఆ మూలకు రాగానే బంతి అతని కాలు ముందు జారుతూ పోతోంది. ఎదుటివాళ్ల డిఫెండరు ఆగబోయి కూలబడ్డాడు. సతోరు లోపలికి తిరిగి ఎడమ కాలితో ఒక్కటి తన్నాడు. గోల్! నేను పైపు విసిరేసి గంతులేశాను. మల్లేశ్ ఉతికిన తువ్వాళ్లన్నీ గాల్లోకి విసిరాడు. ఆట సగం అయ్యేసరికి ఒకటి సున్నా.

రెండో సగం మొదలయ్యాక మల్లేశ్ నా భుజం పట్టి ఊపాడు. నీళ్లు పెట్టిన సంగతి గోల్ పడ్డప్పుడే ఆనందం పట్టలేక అతనికి చెప్పేశాను. "ఓ గంగన్నా! నీకు మతి గిట్ల పోయిందా? దిక్కులు మారినయ్ గదనే! నువ్వు నీళ్లు వెట్టిన మూల ఇప్పుడు వాళ్లది!"

కొన్ని వందల ఆటలు చూసినవాణ్ని. సగం అయ్యాక జట్లు దిక్కులు మార్చుకుంటాయని నాకు తెలియదా? తెలుసు. కానీ నేను పుట్టి పెరిగింది మడికట్లలో. ఈ మడి సత్తిది, ఆ మడి పక్కవాడిది అని కళ్లు లెక్క కట్టేశాయి. మడి ఎక్కడికీ పోదు కదా! పక్కవాడి పొలానికి నీళ్లు పెట్టి మురిసిపోయిన మొనగాణ్ని నేను. చూస్తుండగానే వాళ్ల కుర్రాడు ఆ తడి మూలలోకి దూసుకొచ్చాడు. మా డిఫెండరు జారి మడమ మెలిపడి పడిపోయాడు. గోల్. అటుపక్క ఎండిన గడ్డిలో సతోరు ఎంత కొట్టుకున్నా ఏమీ కాలేదు. ఒకటి ఒకటితో ఆట ముగిసింది.

అబూ సాలెం ఆ మూలకు వెళ్లి బూటుతో నొక్కి చూశాడు. బురద. ఎప్పుడూ నీళ్లు నీళ్లు అని అడిగేది ఎవరో క్లబ్బంతా ఎరుగును. సతోరును గదిలోకి పిలిపించాడు. నేను కిటికీ పక్క కుళాయి దగ్గర చేతులు కడుగుతూ, కడిగిందే కడుగుతూ నిలబడ్డాను.

"నీ కోసం నువ్వే నీళ్లు పెట్టించుకున్నావా?"

"రోజూ అడుగుతాను. ఈ రోజు అడగలేదు."

"మరి ఎవరు పెట్టారు?"

సతోరు తల అడ్డంగా ఊపాడు. "పేరు చెప్పు" అన్నాడు ముదీర్. "చెప్పను" అన్నాడు సతోరు. "అయితే రేపు నీ కాగితాలు తయారు చేయిస్తాను, ఖలాస్."

మల్లేశ్ నా చొక్కా పట్టుకున్నాడు. "వద్దే గంగన్నా, నిన్ను ఎవడన్న అడిగిండా? పిల్లలున్నోనివి, నోరు మూసుకో" అన్నాడు. అతను చెప్పింది మా క్యాంపు చదువే, యుద్ధంలో మమ్మల్ని బతికించిన చదువే. ఆ కుర్రాడేమో లోపల నా పేరు నమిలి మింగి తన బతుకు పోగొట్టుకుంటున్నాడు. ఎలా వదిలించుకున్నానో తెలియదు, చొక్కా గుండీ ఒకటి మల్లేశ్ చేతిలోనే ఉండిపోయింది. తలుపు తోసి లోపలికి పోయాను.

"ముదీర్, నీళ్లు పెట్టింది నేను. ఇతనికి తెల్వదు" అని వచ్చిన అరబ్బీలో చెప్పాను.

"ఎందుకు పెట్టావు?"

"ఇతను పోవద్దని."

"ఒక్క మూలకే పెట్టావా? మరి రెండో సగంలో?"

"మర్చిపోయిన" అన్నాను.

అబూ సాలెం గడ్డం కదిలింది. తర్వాత బల్ల మీద చరిచి కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. "గాడిదా! శత్రువుకు నీళ్లు పెట్టినవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను!" అన్నాడు. నవ్వు ఆగాక గట్టిగానే తిట్టాడు, మడమ మెలిపడిన వాడి దగ్గరికి పోయి క్షమాపణ అడగమన్నాడు. అడిగాను. సతోరుకు రెండో ఆట మిగిలింది. "ఈసారి మైదానమంతా తడవాలి. ఒక్క పిడికెడు గడ్డి ఎండి ఉన్నా నువ్వు నీ ఊరికే" అని నాకు ఆజ్ఞ.

చూడండి మా అదృష్టం, ఆ రెండో ఆట రోజు పొద్దున్నే నీళ్లు తోడే మోటారు కాలిపోయింది! ట్యాంకరు నిండా నీళ్లున్నాయి, పైపులోకి చుక్క రాదు. శుక్రవారం కాబట్టి క్యాంపులో అందరికీ సెలవు. మల్లేశ్ పరుగెత్తాడు. నన్ను వద్దన్న మనిషే పద్నాలుగు మందిని వెంటేసుకొని వచ్చాడు. ఆర్మూరు, మెట్‌పల్లి, జగిత్యాల, కోరుట్ల వాళ్లందరూ వచ్చారు. బకెట్లు, డబ్బాలు, అన్నం వండే గిన్నెలు తెచ్చారు. "పట్టు రా, అందుకో రా" అని వరుస కట్టారు. సతోరు బూట్లు విప్పి వరుసలో నిలబడ్డాడు. కోచ్ వచ్చి ఆటగాడు అలసిపోకూడదని తిడితే పక్కకు జరిగి, కోచ్ అటు తిరగ్గానే మళ్లీ బకెట్ అందుకున్నాడు. సాయంత్రపు అసర్ నమాజు వేళకు మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా తళతళలాడింది.

ఎదుటివాళ్లు ముందు గోల్ కొట్టారు. మా నీళ్ల మీదే! "అయ్యో, మన చేతులతోటే చేసినం" అని మల్లేశ్ నెత్తి కొట్టుకున్నాడు. కానీ ఆ తర్వాత ఆట ఏమని చెప్పను! సతోరు ఇచ్చిన పాస్ ఇద్దరి మధ్య నుంచి జారిపోయి మావాడి కాలికి అందింది. ఒకటి ఒకటి. చివరి నిమిషాల్లో తానే ముగ్గుర్ని తప్పించుకుంటూ పోయాడు. మేం పదహారు మందిమి గీత పక్కనే తెలుగులో అరుస్తున్నాం, "ఉరుకు సత్తీ, ఉరుకు!" అని. ఉరికాడు. కొట్టాడు. బంతి వల చించుకుంటుందేమో అనుకున్నాను. అబూ సాలెం తలపాగా జారిపోతున్నా పట్టించుకోకుండా నన్ను కౌగిలించుకున్నాడు.

సతోరు అక్కడ ఆ సీజనంతా, ఇంకో సీజను కూడా ఆడాడు. ఆ రోజుల్లో అతనిలో ఒక గుణం చూశాను. బంతి తన కాలికి తగిలి బయటికి పోతే, రిఫరీ పొరపాటున మావైపు ఇచ్చినా, చెయ్యెత్తి "నాకే తగిలింది, నాకే తగిలింది" అని చెప్పేవాడు. ఒకసారి గెలవాల్సిన ఆటలో అలా చెప్పి మా వాళ్ల చేతే తిట్లు తిన్నాడు. "గింత పిచ్చోడు ఉంటడా!" అన్నాడు మల్లేశ్. నాకు మాత్రం అతని మీద గౌరవం పెరిగింది. ఇలాంటి మనిషి పుట్టుకతోనే ఇలా ఉంటాడు, మనం చూసి నేర్చుకోవాలి అనుకున్నాను. నేర్చుకున్నాను కూడా. పైపు పగలగొట్టినా, మందు ఎక్కువ చల్లి గడ్డి మాడ్చినా, ఎవరూ అడక్కముందే వెళ్లి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

యూరప్‌లో ఒక క్లబ్బు అతన్ని పిలిచింది. వెళ్లే రోజు గేటు దగ్గర కారు ఆగి ఉంది. క్యాంపు క్యాంపంతా వచ్చింది. సతోరు నన్ను కొంచెం పక్కకు తీసుకుపోయాడు.

"గంగన్నా, ఒకటి చెప్పాలి. ఆ రోజు, మొదటి గోల్ రోజు, ఆట మొదలైన అయిదు నిమిషాలకే నాకు కాలి కింద తెలిసింది. ఆ మూల ఒక్కటే తడిగా ఉందని."

"తెల్సా నీకు?"

"తెలుసు. కోచ్‌కు చెప్పాల్సింది. సగం అయినప్పుడైనా చెప్పాల్సింది, మన డిఫెండరు జాగ్రత్తపడేవాడు. చెప్పలేదు. గోల్ కావాలనుకున్నాను. ఇంటికి పంపుతారని భయం. తర్వాత నువ్వు తలుపు తోసుకొని వచ్చావు. ఎవరూ అడగలేదు, అయినా చెప్పావు. నాకు చాలా సిగ్గేసింది. అప్పటి నుంచే చెయ్యెత్తుతున్నాను" అన్నాడు.

నడుము దాకా వంగి నాకు దండం పెట్టాడు. నేను కంగారుపడి, ఏం చెయ్యాలో తెలియక, నేనూ వంగాను. ఇద్దరి తలలు ఢీకొన్నాయి. అతను నవ్వుతూ కారెక్కాడు, నేను గేటు పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాత అతను ఏ దేశంలో ఎన్ని గోల్స్ కొట్టాడో నాకు సరిగా తెలియదు. క్లబ్బు మారాను, ఊరు మారాను, ఇప్పుడు తాయిఫ్‌లో తోటల పని చూస్తున్నాను. మొన్న నా పొరపాటు వల్ల ఒక వరుస మొక్కలు ఎండిపోయాయి. ఎండదెబ్బ అంటే అందరూ నమ్మేవాళ్లే, ఎవరూ అడగలేదు కూడా. అరవైకి దగ్గరపడ్డా భయం మాత్రం పోలేదు. యజమాని తలుపు ముందు నిలబడి వెనక్కి పోదామా అని రెండడుగులు వేశాను కూడా. కానీ ఈ లోకంలో ఎక్కడో ఒక మనిషి, గంగన్న అంటే అడక్కముందే చెప్పేవాడు అని నమ్ముతున్నాడు. అతని ముందు అబద్ధం కాలేను కదా. తలుపు తోసి లోపలికి పోయాను.