పాలిష్ పట్టిన శంఖం

కాశీరాం సారు సముద్రాన్ని చూడలేదు. మోర్తాడ్‌లో పుట్టి, ఆర్మూర్ హైస్కూల్లో పదిహేనేళ్లుగా సైన్సు చెబుతున్న ఆ మనిషి చూసిన పెద్ద నీళ్లంటే పోచంపాడు డ్యామే. అయినా జిల్లాలో సముద్రం గురించి ఆయనంత బాగా చెప్పేవాళ్లు లేరని పందెం కాయొచ్చు. పుస్తకం మూయించి, బకెట్టు తెప్పించి, లీటరు నీళ్లకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు పిల్లల చేతే తూయించి కలిపించేవాడు. నాలుక మీద చుక్క వేసుకుని మొహాలు చిట్లించిన పిల్లలతో, "గిదే సముద్రం. కాకపోతే పురుగూ పుట్రా లేని సముద్రం" అనేవాడు.

ఆ పురుగూ పుట్రా గల్ఫ్ నుంచి వచ్చేవి. చుట్టుపక్కల సగం ఇళ్ల మగవాళ్లు ఆ ఒడ్డునే బతుకుతున్నారు మరి. దుబాయికో మస్కట్‌కో పోయేవాడు బస్టాండులో కనబడితే చాలు, "వచ్చేటప్పుడు ఒడ్డు మీద ఏది దొరికితే అది తే. కడగకు" అని చెప్పేవాడు. వాళ్లు టేప్‌రికార్డర్లు, సెంటు సీసాలతో పాటు ఎండిన నాచు, పీత డొప్పలు కాగితంలో చుట్టి తెచ్చేవాళ్లు. కంపు కొడుతోందని హెడ్మాస్టరు సణిగితే, "సముద్రం అగరుబత్తి వాసన వస్తదా సార్" అని ఎదురు తిరిగేవాడు. కోపం ముక్కుమీదే ఉండేది, ప్రాణం మాత్రం పిల్లల దగ్గర.

తొంభైలో, జూలై నెలలో, కువైట్ నుంచి ఒక శంఖం వచ్చింది. పంపినవాడు తొమ్మిదో తరగతి తార వాళ్ల బాపు సాయిలు, తాపీ పని చేసేవాడు. "సార్ చెప్పినట్టే కడగలేదు" అని చీటీ కూడా రాశాడు. శంఖం వీపు నిండా మొటిమల్లా బార్నకిల్స్ అనే పెంకు జీవులు, వాటి మధ్య పురుగులు కట్టుకున్న సున్నపు గొట్టాలు. సారుకు పండగే అయింది. "పిల్లప్పుడు నీళ్లల్ల ఈదుకుంట తిరుగుతది. జాగ నచ్చినంక తలను అతికించుకుంటది. ఇగ చచ్చేదాక కదలదు" అని ఒక్కొక్కరి వేలితో ఒక్కో బార్నకిల్‌ను తడిమించాడు. నిజామాబాద్ సైన్సు ప్రదర్శనలో దాని గురించి తారే చెప్పాలని తీర్మానించాడు.

ఆగస్టులో కువైట్‌లోకి పొరుగు దేశపు సైన్యం దిగింది. ఉత్తరాలు ఆగిపోయాయి. సెప్టెంబరు నడుస్తున్నా సాయిలు బతికున్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు తారకు ఆ శంఖం సైన్సు వస్తువు కాదు, బాపు చెయ్యి తాకిన ఆఖరి వస్తువు. ఒక శనివారం, అమ్మకు చూపించి తెస్తానని సారును అడిగి ఇంటికి తీసుకుపోయింది.

సోమవారం దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. సారు గుడ్డ విప్పాడు. శంఖం నున్నగా, లేత పసుపురంగులో మెరిసిపోతోంది. బార్నకిల్ ఒక్కటి లేదు.

"మా మామ పాలిష్ పట్టిండు సార్" అంది తార. ఏడవలేదు. అదే సారును మరింత బాధపెట్టింది.

మామంటే తల్లి తమ్ముడు భీమన్న, పసుపు రైతు. సారు సైకిలెక్కి కోపంతో వాళ్ల ఇంటికి పోయాడు. పెరట్లో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే ఇనుపజాలీ డ్రమ్ము ఉంది. భీమన్న ఎదురొచ్చి, మంచి పని చేసినవాడిలా నవ్వుతూ కుర్చీ వేశాడు.

"పాలిష్ పట్టని పసుపుకు మార్కెట్ల ఎవడన్న రేటు పెడ్తడా సార్? నిజామాబాద్‌ల పెద్ద సార్లు చూస్తరాయె. మా బావ పంపిన వస్తువు మొరటుగ కనబడితే మాకు నామోషి. రెండు కుంచాల కొమ్ములేసి, దాంట్ల పెట్టి, పొద్దంత నేనే తిప్పిన."

అతని అరచేతుల్లో బొబ్బలు చూశాక సారుకు తిట్టబుద్ధి కాలేదు. "డ్రమ్ముల నుంచి రాలిన దుమ్ము ఏది భీమన్నా?" అని మాత్రం అడిగాడు. చేనుకు వేద్దామని సంచిలో ఎత్తిపెట్టాడట.

మర్నాడు తొమ్మిదో తరగతంతా ఆ సంచి ముందేసుకుని జల్లెడలతో కూర్చుంది. పసుపు పొట్టులోంచి వేళ్లతో ఏరగా పదకొండు బార్నకిల్ ముక్కలు దొరికాయి. ఏరుతూ ఏరుతూ తార అడిగింది: "బాపు గట్ల ఒక్కతాననే అతుక్కోలే గద సార్?"

సారు అబద్ధమాడలేకపోయాడు. "నాకు ఎర్కలేదు బిడ్డా" అన్నాడు.

ముక్కలను గుర్తున్నట్టుగా అతికిద్దామని పిల్లలన్నారు. తార ఒప్పుకోలేదు, తప్పు జాగాలో పెడితే అది బాపు పంపింది కాకుండా పోతుందని. ముక్కలు ఒక అగ్గిపెట్టెలో, విడివిడిగానే ప్రదర్శనకు పోయాయి. బహుమతి రాలేదు.

అక్టోబరు ఆఖర్లో సాయిలు వచ్చాడు. జోర్డాన్ దాకా బస్సుల్లో పడి, అక్కడి నుంచి విమానంలో బొంబాయికి. మనిషి సగమయ్యాడు. రెండో రోజే కూతురి వెంట బడికొచ్చి, హోంవర్కు చేయని పిల్లాడిలా నిలబడ్డాడు.

"గీసారి ఏం తేలే సార్. సముద్రం దిక్కు పోనియ్యలే."

సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టాడు. తార శంఖం, అగ్గిపెట్టె, జిగురు సీసా తండ్రి ముందు పెట్టింది. ఆ పసుపురంగు చూడగానే బావమరిది పనేనని అతను పోల్చుకున్నాడు.

పంపడానికి మనిషి దొరికేదాకా ఆరు నెలలు ఆ శంఖం కువైట్‌లో కూలీల క్యాంపు గదిలో అతని తలాపునే ఉందట. రోజూ డ్యూటీ నుంచి వచ్చాక దాన్నే చూస్తూ పడుకునేవాడట. సిమెంటుకు పగిలిన వేళ్లతో ఒక్కో ముక్క తీసి, "గీ పెద్దది గీ అంచు మీద. దాని పక్కకే గీ రెండు" అంటూ అతికించాడు. చివరి ముక్క దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది యాదికొస్తలేదు బిడ్డా."

తార దాన్ని అగ్గిపెట్టెలో వేసి మూసింది. "యాదికొచ్చిన్నాడు అతికిద్దువు బాపూ. ఇగ యాడికి పోతున్నవ్?"

సాయిలు సారు వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు. యాడికీ పోనని తల ఊపాడు.